కార్డుల బేరంలో స్కానే మచ్చు
శ్రమ తగ్గితేనే చిల్లర సరుకుకు గిట్టుబాటు

అమెరికాలో క్రీడాకారుల బొమ్మల కార్డులు, పోకెమాన్, మ్యాజిక్ వంటి ఆట కార్డుల వర్తకం ఇప్పుడు చాలావరకు దుకాణపు బల్ల మీద గాక కంప్యూటర్ తెర మీదనే సాగుతున్నది. కొనేవాడు సరుకును చేత పట్టి చూడడు. అమ్మేవాడు ఎక్కించిన బొమ్మను చూసి ధర కడతాడు. కనుక ఈ వర్తకంలో కార్డును స్కాన్ చేయడమంటే మచ్చు తీసి చూపడమే. మచ్చు సరిగా లేకపోతే మంచి సరుకుకు కూడా ధర పలకదు. మచ్చు సరుకు కంటె మెరుగ్గా కనబడితే ఆ సరుకు తిరిగి వస్తుంది. ఇక ఒక్కొక్క మచ్చు తీయడానికి పట్టే కాలం హద్దు మీరితే వచ్చిన లాభమంతా కూలికిందనే పోతుంది.

పెద్ద ధరల వార్తలు అందరికీ తెలిసినవే. 1952లో టాప్స్ సంస్థ అచ్చువేసిన మిక్కీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో హెరిటేజ్ వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైనది. అట్టి సరుకు వేలం సంస్థల చేతుల మీదుగా పోతుంది. సామాన్య వర్తకుని గిడ్డంగిలో ఉండేది అర డాలరు నుండి ఇరవై డాలర్ల వరకు పలికే సరుకు. అది వేల సంఖ్యలో అట్టపెట్టెల్లో పేరుకుని ఉంటుంది. స్కానింగ్‌లో పొదుపు అనే ప్రశ్న తలెత్తేది ఈ సరుకు విషయంలోనే.

సరుకు పేరుకున్న తీరు

కార్డుల మార్కెట్‌లో నిల్వలు ఎక్కువగా ఉండడానికి కారణం లేకపోలేదు. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ సంస్థలు బేస్‌బాల్ కార్డులతో టాప్స్‌కు పోటీగా దిగాయి. 1989లో అప్పర్ డెక్ వచ్చింది. ధరలు పెరుగుతాయన్న ఆశతో 1980ల చివర, 1990ల మొదట కొనుగోలుదారులు పెట్టెలకు పెట్టెలు దాచారు. సంస్థలు కూడా గిరాకీని మించి అచ్చువేశాయి. ఆ కాలపు మామూలు కార్డులు నేటికీ సెంట్లలోనే పలుకుతున్నాయి. ఇటు ఆట కార్డులలో మ్యాజిక్ 1993లోను, పోకెమాన్ జపానులో 1996లోను, అమెరికాలో 1999లోను మార్కెట్‌కు వచ్చాయి. 2020, 2021 సంవత్సరాలలో గిరాకీ ఒక్కసారిగా ఉప్పొంగింది. నాణ్యతా పరీక్ష చేసే పి.ఎస్.ఎ. సంస్థ వద్ద సరుకు గుట్టపడి, 2021 మార్చి చివర ఆ సంస్థ చాలా తరగతుల స్వీకరణను కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. ఆ ఉప్పెనలో బీరువాల నుండి బయటపడిన కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

వర్తకుడు మొదట చేయవలసింది స్కాన్ కాదు, ఏరివేత. పెట్టెలోని కార్డులను మూడు భాగాలుగా విడదీయాలి. సెంట్లలో పలికే కార్డులను విడివిడిగా స్కాన్ చేయడం నష్టం. వాటిని జట్టు వారీగానో, సంవత్సరం వారీగానో లాటు కట్టి, లాటుకు ఒకటి రెండు బొమ్మలు తీసి అమ్మివేయడం మేలు. నడిమి రకాన్ని యంత్రానికి ఇవ్వాలి. విలువైన రకాన్ని చేతితో ఒక్కొక్కటిగా తీయాలి. ఈ విభజన లేకుండా పెట్టె మొత్తాన్ని యంత్రంలో పోసినవారు శ్రమనూ పోగొట్టుకుంటారు, అప్పుడప్పుడు మంచి కార్డునూ పోగొట్టుకుంటారు.

అద్దపు స్కానరా, ఫీడరా?

వాడుకలో ఉన్న యంత్రాలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది అద్దం మీద కార్డు బోర్లించి మూత వేసే ఫ్లాట్‌బెడ్. రెండవది కార్డుల దొంతర పెడితే రోలర్ల సాయంతో ఒక్కొక్కటి లాగి, రెండు వైపులా ఒకేసారి బొమ్మ తీసే ఫీడర్ స్కానర్. ఆఫీసు కాగితాల కోసం తయారైన ఫుజిత్సు ఫై తరగతి యంత్రాలు కార్డు వర్తకులలో బాగా ప్రచారం పొందాయి. ఈ యంత్రాలు ఇప్పుడు రికో పేరుతో వస్తున్నవి.

మామూలు కార్డు కొలత రెండున్నర అంగుళాలకు మూడున్నర అంగుళాలు. ఎ4 అద్దం వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలకు పైచిలుకు ఉండదు, పొడవు పదకొండున్నరకు కొద్దిగా ఎక్కువ. వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు, అంటే తొమ్మిది కార్డులు పడతాయి. వాటి నడుమ పావు అంగుళం సందు కూడా మిగులుతుంది. ఈ సందు తప్పనిసరి. సందు లేకపోతే బొమ్మను తొమ్మిది ముక్కలుగా కత్తిరించే సాఫ్ట్‌వేర్ రెండు కార్డులను ఒకటిగా భావిస్తుంది.

1,000 కార్డులకు ఉజ్జాయింపు లెక్క వేసి చూడవచ్చును. ఫ్లాట్‌బెడ్ మీద తొమ్మిదేసి చొప్పున ఒక వైపుకు 112 విడతలు, రెండు వైపులకు 224 విడతలు అవుతాయి. పేర్చడం, తిప్పడం, తీయడంతో సహా విడతకు నిమిషంన్నర అనుకుంటే 336 నిమిషాలు, అనగా 5 గంటల 36 నిమిషాలు. ఫీడర్‌లో 25 కార్డుల దొంతర చొప్పున 40 విడతలు. విడతకు రెండు నిమిషాలు వేసుకున్నా 80 నిమిషాలలో పని ముగుస్తుంది. తేడా 256 నిమిషాలు. గంటకు 15 డాలర్ల కూలి చొప్పున 1,000 కార్డులకు 64 డాలర్లు ఆదా అయినట్లు. యంత్రానికి 900 డాలర్లు పెట్టినట్లు అనుకుంటే దాదాపు 14,000 కార్డులు నడిచిన తరువాత గానీ పెట్టుబడి తిరిగి రాదు. ఏడాదికి రెండు మూడు వేల కార్డులు అమ్మేవారికి పాత ఫ్లాట్‌బెడ్ చాలు. నెలకు అన్ని అమ్మేవారికి ఫీడర్ లేకుండా గడవదు.

రోలర్ల బెడద

ఫీడర్ వేగానికి తగిన ముప్పు కూడా ఉన్నది. రోలర్లు కార్డును పట్టి లాగుతాయి. మూల నలిగినా, అంచు తెల్లబడినా కార్డు ఒక తరగతి దిగిపోతుంది. కాగితానికి ఇది లెక్కలోనిది కాదు. కార్డుకు మాత్రం మూలలే ధర. ఒక్క 100 డాలర్ల కార్డు మూల నలిగితే పైన చెప్పిన 64 డాలర్ల ఆదా ఆ రోజుకు తుడిచిపెట్టుకు పోతుంది. అందుచేత యంత్రంలోకి పోయే కార్డుకు ధరలో ఒక పై హద్దు పెట్టుకుని, అంతకు మించిన దానిని అద్దం మీదనే తీయడం క్షేమకరం.

మందం మరొక సమస్య. కార్డు మందాన్ని ఈ వర్తకంలో పాయింట్లలో చెబుతారు. అంగుళంలో వెయ్యో వంతు ఒక పాయింటు. మామూలు కార్డులు 35 పాయింట్ల గట్టి తొడుగులో ఇమిడిపోతాయి. ఆటగాని చొక్కా ముక్క అతికించిన కార్డులు 100, 130 పాయింట్లు, ఆపైన కూడా ఉంటాయి. వీటిని వంపు దారి గల ఫీడర్‌లో వేస్తే ఇరుక్కుంటాయి. తళుకు పూత గల పోకెమాన్ కార్డులు గాలిలో తేమను బట్టి వంగుతాయి. వంగిన కార్డును రోలరు సరిగా అందుకోదు. ఇట్టివాటిని ముందే పక్కన పెట్టాలి.

పల్చని ప్లాస్టిక్ తొడుగుతో సహా యంత్రంలో వేయడం కొందరి అలవాటు. దీనివల్ల కార్డుకు రక్షణ కలిగే మాట నిజమే. కాని రెండు కాగితాలు ఒకేసారి పోతే పసిగట్టే అల్ట్రాసోనిక్ సాధనం, తొడుగుకూ కార్డుకూ నడుమ ఉన్న గాలి పొరను చూసి రెండు పోయినట్లు భావించి యంత్రాన్ని ఆపివేస్తుంది. దానిని కట్టివేస్తే పని సాగుతుంది, కాని నిజంగా రెండు కార్డులు కలిసి పోయినా తెలియదు. అట్టి సందర్భంలో ప్రతి దొంతరకూ లెక్క సరిచూసుకోవడం ఒక్కటే మార్గం. పెట్టిన కార్డులు 25 అయితే బొమ్మలు 50 రావాలి. 48 వస్తే ఎక్కడో రెండు అంటుకుని పోయాయి. ఇది పట్టుకోకపోతే ఒక కార్డు ముందు వైపుకు మరొక కార్డు వెనుక వైపు జత అవుతుంది. దొంతరకూ దొంతరకూ నడుమ ఒక రంగు కాగితం పెట్టడం వల్ల పొరపాటు ఆ 25తోనే ఆగుతుంది.

అన్నిటికంటె తరచుగా జరిగే నష్టం దుమ్ము వల్లనే. ఫీడర్‌లో అద్దం సన్నని పట్టీ మాత్రమే. కార్డు దాని మీదుగా జారిపోతుంది. పట్టీ మీద ఒక్క దుమ్ము రేణువు నిలిస్తే తరువాత పోయే ప్రతి కార్డు మీద పై నుండి కిందకు ఒక గీత పడుతుంది. కొనేవాడు దానిని అచ్చు దోషమనో, రోలరు గాటు అనో తలుస్తాడు. ఉదయం నిలిచిన రేణువును సాయంత్రం చూస్తే ఆనాటి మచ్చులన్నీ పనికిరావు. ప్రతి వంద, రెండు వందల కార్డులకు ఒకసారి మెత్తని గుడ్డతో అద్దం తుడవడం, ప్రతి దొంతరలో చివరి బొమ్మను పెద్దది చేసి చూడడం నియమంగా పెట్టుకోవాలి.

ఎంత స్పష్టత చాలును?

స్పష్టతను డి.పి.ఐ., అనగా అంగుళానికి ఇన్ని చుక్కలు అని కొలుస్తారు. 300 డి.పి.ఐ. వద్ద కార్డు బొమ్మ 750 చుక్కల వెడల్పు, 1,050 చుక్కల పొడవు వస్తుంది. 600 వద్ద 1,500, 2,100 చుక్కలు. ఈబే మార్కెట్ నిబంధన ప్రకారం బొమ్మ పొడవైన వైపు 500 చుక్కలకు తగ్గరాదు. పెద్దది చేసి చూడడానికి 1,600 చుక్కలు ఉండడం మంచిదని ఆ సంస్థ సలహా. కనుక ఐదు డాలర్ల లోపు సరుకుకు 300 చాలును. మూలలూ అంచులూ పరికించి కొనే సరుకుకు 600 కావాలి. 600లో బొమ్మ బరువు నాలుగు రెట్లు అవుతుంది, యంత్రం నెమ్మదిస్తుంది. 1,200కు పోవడం వల్ల అమ్మకానికి ఒరిగేదేమీ లేదు.

వెనుక గుడ్డ రంగు కూడా ముఖ్యమే. తెల్ల అంచు గల కార్డును తెల్ల మూత కింద స్కాన్ చేస్తే అంచు ఎక్కడ ముగిసిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, కొనేవానికీ తెలియదు. అంచును కోసివేసిన బొమ్మ అనుమానానికి తావిస్తుంది. నల్ల కాగితం పరచి తీస్తే మూలలు నాలుగూ స్పష్టంగా కనబడతాయి.

యంత్రంలో ఉండే మెరుగు సదుపాయాలను సాధ్యమైనంత వరకు ఆపి ఉంచాలి. మచ్చలు తొలగించే సదుపాయం కార్డు మీది నిజమైన మచ్చను కూడా తొలగిస్తుంది. అచ్చు చుక్కలను మాన్పే సదుపాయం బొమ్మను మసక చేస్తుంది. రంగు పెంచితే వెలిసిన కార్డు కొత్తదిగా కనబడుతుంది. ఇవి అమ్మకానికి సాయపడినట్లు తోచినా చివరకు తిరుగు సరుకుకు దారి తీస్తాయి. వర్ణనకు భిన్నంగా ఉన్న సరుకును ఈబేలో కొన్నవాడు అందిన 30 రోజుల లోపల ఫిర్యాదు చేసి వెనక్కు పంపవచ్చును. తిరుగు తపాలా ఖర్చు అమ్మినవాని మీదనే పడుతుంది. ఉన్న లోపాన్ని చూపిన మచ్చు వర్తకునికి ఋజువుగా నిలుస్తుంది. కనుక స్కాన్‌లను అమ్మకం పూర్తయిన తరువాత కూడా కొన్ని నెలలు భద్రపరచడం వాడుక.

తళుకు సరుకు తంటా

స్కానర్ కాంతి ఏటవాలుగా పడి, సెన్సర్‌కు నేరుగా తిరిగి రాకుండా అద్దంలా తళుకు పూత మీద పక్కకు పోతుంది. అందువల్ల మెరిసే కార్డులు స్కాన్‌లో నల్లగా, మందంగా వస్తాయి. 1993లో టాప్స్ ఫైనెస్ట్‌తో రిఫ్రాక్టర్ అనే ఇంద్రధనుస్సు మెరుపు రకం వచ్చింది. 2012 నుండి పానిని ప్రిజమ్ సిల్వర్ రకం వాడుకలో ఉన్నది. ఒకే ఆటగాడు, ఒకే బొమ్మ, ఒకే నంబరు. మామూలు రకానికీ మెరుపు రకానికీ ధరలో ఎన్నో రెట్లు తేడా. స్కాన్‌లో మాత్రం రెండూ ఒకటిగానే కనబడతాయి. బొమ్మను చూసి పేరు చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడనే పొరపడుతుంది. మెరుపు రకాన్ని మామూలు రకంగా ఎక్కిస్తే పోటీ కొనుగోలుదారు నిమిషాల్లో తన్నుకుపోతాడు. మామూలును మెరుపుగా ఎక్కిస్తే సరుకు వెనక్కు వస్తుంది. మెరుపు రకాలను స్కాన్‌కు ముందే చేతితో వేరు చేసి విడి దొంతరగా నడపడం ఉత్తమం.

స్కాన్‌కు మరొక పరిమితి కూడా గలదు. కాంతి ఒకే కోణం నుండి పడటం వల్ల పై పూత మీది సన్నని గీతలు కనబడకపోవచ్చును. విలువైన తళుకు కార్డుకు స్కాన్‌తోపాటు కార్డును కొద్దిగా వంచి పట్టి తీసిన కెమెరా ఫొటో ఒకటి జతపరచడం న్యాయం. అయితే బొమ్మ నాలుగు అంచులలో సమానంగా కూర్చున్నదా అని కొలవడానికి స్కానే మేలు. కెమెరా ఏ కొంచెం వంగినా అంచుల కొలత తప్పుతుంది.

పరీక్ష చేయించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ముద్ర వేసిన కార్డులకు, అనగా స్లాబ్‌లకు, ఫ్లాట్‌బెడ్‌లో కూడా రకం చూసుకోవాలి. సి.ఐ.ఎస్. రకం పల్చని స్కానర్‌లు అద్దానికి ఆనిన వస్తువునే స్పష్టంగా చూస్తాయి. స్లాబ్‌లో కార్డు అద్దానికి కొద్దిగా ఎత్తున ఉంటుంది గనుక మసకగా వస్తుంది. సి.సి.డి. రకానికి లోతు ఎక్కువ. యంత్రం బరువుగా ఉన్నా స్లాబ్‌లకు అదే తగినది.

అసలు జాప్యం పేర్ల వద్ద

యంత్రం కొన్న తరువాత చాలామందికి తెలిసివచ్చే విషయం ఒకటి ఉన్నది. ఎక్కువ కాలం పట్టేది స్కాన్‌కు కాదు, సరుకు పేరు రాయడానికి. సంవత్సరం, సంస్థ, సెట్టు, కార్డు నంబరు, ఆటగాడు, రకం, నాణ్యత రాసి ధర వేయాలి. కార్డుకు నిమిషం చొప్పున 1,000 కార్డులకు 16 గంటల 40 నిమిషాలు. 15 డాలర్ల కూలి చొప్పున 250 డాలర్లు. గుర్తింపు సాఫ్ట్‌వేర్ నూటికి 90 సరిగా చెబుతుందని అనుకుంటే, తప్పిన 100 కార్డులకు రెండేసి నిమిషాలు, మిగిలిన 900 సరిచూడడానికి పదేసి సెకన్లు, వెరసి 350 నిమిషాలు. అంటే 5 గంటల 50 నిమిషాలు. సుమారు 11 గంటలు మిగిలినట్లు. ఫీడర్ వల్ల మిగిలింది నాలుగు గంటల పైచిలుకు మాత్రమే.

ఇక్కడనే మచ్చు నాణ్యతకు రెండవ ప్రయోజనం కనబడుతుంది. తిన్నగా, నల్ల వెనుకతో, నంబరు స్పష్టంగా ఉన్న స్కాన్‌ను సాఫ్ట్‌వేర్ సులభంగా గుర్తిస్తుంది. చాలా క్రీడా కార్డులకు నంబరు వెనుక వైపున, సన్నని అక్షరాలలో ఉంటుంది. సంవత్సరం తేల్చే కాపీరైటు పంక్తి కూడా అక్కడనే. పాత కార్డును తిరిగి అచ్చువేసిన నకలు అయితే ఆ సంగతి కూడా తరచు వెనుక పంక్తిలోనే తెలుస్తుంది. ఖర్చు తగ్గించాలని వెనుక వైపు స్కాన్ మానివేసినవారు తరువాత ఒక్కొక్క కార్డును పెట్టెలో వెదకి తీయవలసి వస్తుంది.

బొమ్మ ఫైలు పేరే గిడ్డంగి చీటీ కావాలి. పెట్టె నంబరు, దొంతర నంబరు, కార్డు వరుస ఆ పేరులో ఉంటే, ఆర్డరు వచ్చినప్పుడు కార్డు అర నిమిషంలో చేతికి వస్తుంది. స్కాన్ చేసిన వరుసను చెడగొట్టకుండా పెట్టెలోకి ఎక్కించడం ఈ పద్ధతికి ప్రాణం.

కమీషన్ పోగా మిగిలేది

ఒక డాలరు కార్డును డాలరు తపాలా రుసుముతో అమ్మినట్లు అనుకుందాం. ఈబేలో కమీషన్ మొత్తం మీద 13 శాతానికి పైగా, ఆపైన పది డాలర్ల లోపు ఆర్డరుకు 30 సెంట్లు. రెండు డాలర్ల మీద 56 సెంట్లు పోయి 1 డాలరు 44 సెంట్లు మిగులుతాయి. తపాలా, తొడుగు కలిపి 90 సెంట్లు వేసుకుంటే చేతికి 54 సెంట్లు. కార్డు మీద మొత్తం రెండు నిమిషాల పని జరిగితే కూలి 50 సెంట్లు. కార్డు ఉచితంగా వచ్చినదనుకున్నా మిగిలేది 4 సెంట్లు. అదే పని నిమిషంలో ముగిస్తే 29 సెంట్లు. 20 డాలర్ల లోపు కార్డుల కోసం ఈబే 2021లో ప్రవేశపెట్టిన చౌక కవరు పద్ధతి వల్లనే ఈ చిల్లర బేరం సాధ్యమవుతున్నది. ఒక కొనుగోలుదారు నాలుగైదు కార్డులు కలిపి తీసుకుంటే కవరు ఒకటే, స్థిర రుసుము ఒకటే. ఎక్కువ మచ్చులు తెర మీద ఉన్నవానికే ఆ అవకాశం.

స్కాన్ అసలే అక్కరలేని దారి కూడా ఉన్నది. ఈబే 2022లో కొనుగోలు చేసిన టి.సి.జి.ప్లేయర్ మార్కెట్‌లో ఆట కార్డులను నాణ్యతా తరగతి మాట మీదనే, సంస్థ ఉంచిన ఉమ్మడి బొమ్మతో అమ్మవచ్చును. అక్కడ వర్తకుని మాటే మచ్చు. కార్డులు పంపితే తామే స్కాన్ చేసి, నిల్వ ఉంచి, అమ్మిపెట్టే సి.ఒ.ఎం.సి. వంటి అడ్తీ సంస్థలూ ఉన్నవి. వారి రుసుము తన సొంత కూలితో పోల్చి చూసుకుని నిర్ణయించుకోవాలి.

కొత్తగా దిగేవారు యంత్రం కొనడానికి ముందు తమ సరుకులో నుండి ఏరిన 100 కార్డులను ఉన్న స్కానర్‌తో తీసి, ఏరివేత నుండి ఎక్కింపు వరకు గడియారం పెట్టి చూసుకోవడం అవసరం. కార్డుకు ఎన్ని నిమిషాలు పట్టినదో, అందులో స్కాన్ వాటా ఎంతో, పేర్ల వాటా ఎంతో విడివిడిగా రాసుకోవాలి. ఏ అంకె పెద్దదైతే డబ్బు అక్కడ పెట్టడం లాభసాటి. సరాసరి అమ్మకం ధర రెండు డాలర్లకు లోబడినంత కాలం, కార్డుకు నిమిషం మించి పని పడితే ఈ వర్తకంలో నికరంగా మిగిలేది బహు స్వల్పం.